సమాధుల జాడ: పాత రికార్డుల్లో పూర్వీకుల కోసం వెతుకులాట

1827 జులై 6న మద్రాసు గవర్నరు సర్ థామస్ మన్రో పత్తికొండలో కలరాతో కన్నుమూశారు. ఒకప్పుడు తాను కలెక్టరుగా తిరిగిన దత్తమండలాలను ఇంగ్లండుకు వెళ్లిపోయేముందు చివరిసారి చూసుకోవాలని బయల్దేరిన ప్రయాణంలో జరిగిందది. పత్తికొండలో పోయిన ఆయన్ను గుత్తికి తీసుకెళ్లి అక్కడి ఇంగ్లీషువాళ్ల శ్మశానంలో పాతిపెట్టారు. నాలుగేళ్ల తర్వాత, 1831లో, అస్థికలను వెలికితీసి మద్రాసుకు చేర్చి, ఫోర్ట్ సెయింట్ జార్జ్ కోటలోని సెయింట్ మేరీస్ చర్చిలో ఉంచారు. గుత్తిలో స్మారకం మిగిలింది. మన్రో సమాధి ఎక్కడ అని అడిగితే పత్తికొండవాళ్లకు ఒక కథ, గుత్తివాళ్లకు ఒక కట్టడం, చెన్నైలో ఒక రాయి ఉన్నాయి.

ఆయన గవర్నరు కాబట్టి ఈ మూడు మజిలీలూ పుస్తకాలకెక్కాయి. అదే ఒక సిపాయో, మిషన్ బడి పంతులో, ఓడెక్కి పోయిన కూలీయో అయితే ఆ మజిలీలను కాగితాల్లోంచి ఒక్కొక్కటిగా ఏరుకోవాలి. తాతముత్తాతలను ఎక్కడ పాతిపెట్టారో, ఎక్కడ దహనం చేశారో పాత స్థానిక రికార్డుల సాయంతో తేల్చుకోవడాన్ని వంశచరిత్ర పరిశోధనలో ఒక ప్రత్యేక శాఖగా చూడవచ్చు. చర్చి రిజిస్టర్లు, మరణాల పుస్తకాలు, రెవెన్యూ దస్త్రాలు, ఓడల జాబితాలు, వక్ఫ్ గెజిట్లు, తీర్థాల్లో పండాలు రాసుకునే బహీలు దీనికి ఆధారాలు.

ఈ పనిలో దిగినవాళ్లు మొదట పట్టుకోవలసిన విషయం ఒకటుంది. మనిషి పోయిన చోటు, పాతిపెట్టిన చోటు, రాయి నిలిచిన చోటు, ఆ సంగతి రాసిన కాగితం ఉన్న చోటు నాలుగూ వేర్వేరు కావచ్చు. వెతుకులాట తప్పుదారి పట్టేది ఎక్కువగా ఈ నాలుగింటినీ ఒకటిగా అనుకున్నప్పుడే.

రిజిస్టర్ల పుట్టుక

ఇంగ్లండులో 1538లో థామస్ క్రామ్‌వెల్ ఇచ్చిన ఉత్తర్వుతో ప్రతి చర్చి తన పరిధిలోని బాప్తిస్మాలు, పెళ్లిళ్లు, భూస్థాపనలు ఒక పుస్తకంలో రాసిపెట్టడం మొదలైంది. చాలాకాలం ఈ రాతకు ఒక పద్ధతంటూ లేదు. ఒక పాదిరి పేరు, తేదీ మాత్రం రాసి వదిలేస్తే, ఇంకొకరు వయసు, వృత్తి కూడా చేర్చేవారు. 1813 నుంచి అచ్చువేసిన గళ్ల పుస్తకాలు వచ్చాక పేరు, నివాసం, తేదీ, వయసు, పాదిరి సంతకం తప్పనిసరి అయ్యాయి. రోమన్ కథోలికుల్లో 1614 నాటి రోమన్ ఆచార గ్రంథం ప్రతి విచారణలోనూ (పారిష్‌లోనూ) మృతుల పుస్తకం ఉండాలని నిర్దేశించింది.

ఈ అలవాటు ఈస్టిండియా కంపెనీ ఓడల్లో మన తీరానికీ వచ్చింది. మద్రాసు కోటలోని సెయింట్ మేరీస్ చర్చిని 1680 అక్టోబరులో ప్రతిష్ఠించారు. కంపెనీ పాదిరులు తమ రిజిస్టర్లకు నకళ్లు తీసి లండనుకు పంపేవారు. మద్రాసు ప్రెసిడెన్సీకి చెందిన ఆ నకళ్లు 1698 నుంచి 1948 వరకు ఉన్నాయి. బెంగాలువి 1713 నుంచి, బొంబాయివి 1709 నుంచి మొదలవుతాయి. ఇవన్నీ ఇప్పుడు లండనులోని బ్రిటిష్ లైబ్రరీలో, ఇండియా ఆఫీస్ రికార్డుల్లో భద్రంగా ఉన్నాయి.

బందరు, విశాఖపట్నం, కాకినాడ, కడప, బళ్లారి, సికింద్రాబాదు దండు చర్చిల అసలు పుస్తకాలకు చెద పట్టినా, ఉప్పుగాలికి కాగితం పొడి అయినా, వాటిలోని వరసలు లండను నకళ్లలో దొరికే అవకాశం ఉంది. అసలు పుస్తకం పోయిందని తెలిసినంత మాత్రాన వెతుకులాట ఆపనక్కర్లేదు.

ఒక పేజీలో ఏముంటుంది

పందొమ్మిదో శతాబ్దపు మద్రాసు భూస్థాపన పట్టీ వెడల్పాటి కాగితం. గళ్లు ఎడమనుంచి కుడికి సాగుతాయి: ఎప్పుడు పోయారు, ఎప్పుడు పాతిపెట్టారు, పేరు, ఇంటిపేరు, వయసు, వృత్తి, మరణ కారణం, క్రియ జరిపించినవారెవరు. పోయిన తేదీకీ పాతిపెట్టిన తేదీకీ మధ్య తేడా చాలాసార్లు ఒక్క రోజే, కొన్నిసార్లు అదే రోజు. ఈ ఎండల్లో శవాన్ని ఉంచడం కుదరదు. కాబట్టి పోయిన ఊరికి ఒక పూట ప్రయాణంలో ఉన్న శ్మశానాల్లోనే ముందు వెతకాలి.

వృత్తి గడిలో దండు సిపాయిల రెజిమెంటు పేరు ఉంటుంది. అది దొరికితే ఆ దండు ఆ ఏడు ఎక్కడ మకాం వేసిందో సైనిక రికార్డుల్లో చూసుకోవచ్చు. కారణం గడిలో కలరా, జ్వరం, రక్త విరేచనాలు, కాలేయ వ్యాధి మళ్లీ మళ్లీ కనిపిస్తాయి. వరసగా నాలుగైదు పేర్లకు ఒకే వారంలో కలరా అని ఉంటే ఆ దండు మజిలీలో అంటురోగం చెలరేగిందని అర్థం. అలాంటి సమయంలో రాళ్లు నాటే తీరిక ఎవరికీ ఉండదు. సమాధి రాయి లేకపోవడానికి కారణం ఆ పేజీలోనే దొరుకుతుంది.

పాదిరి లేని చిన్న స్టేషన్లలో కలెక్టరో, దండు అధికారో ప్రార్థన చదివి పాతిపెట్టించేవారు. ఆ తర్వాత పర్యటనకు వచ్చిన పాదిరి తన పుస్తకంలో ఎక్కించేవాడు. అందుకే శ్రీకాకుళంలో పోయినవారి పేరు విశాఖపట్నం చర్చి లెక్కలో కనిపిస్తే అది పొరపాటు కానక్కర్లేదు. విశాఖలో తెలుగు బైబిలు అనువాదానికి పూనుకున్న లండన్ మిషన్ పాదిరులిద్దరిలో జార్జ్ క్రాన్ 1809లో శ్రీకాకుళంలో, అగస్టస్ డెస్‌గ్రాంజెస్ 1810లో విశాఖలో పోయారు. ఇటువంటివారి విషయంలో చర్చి పట్టీతోపాటు మిషన్ ఉత్తరాలూ చూడాలి.

పట్టీలో దొరకని సంగతి వీలునామాలో దొరకవచ్చు. కంపెనీ ఉద్యోగులు పోయినప్పుడు ఆస్తి జాబితా తయారుచేసి లెక్కలు తేల్చేవారు. అందులో పెట్టె చేసిన వడ్రంగికీ, సమాధి కట్టిన తాపీమేస్త్రీకీ ఇచ్చిన సొమ్ము రాసి ఉంటే, ఏ ఊళ్లో ఎలాంటి కట్టడం లేచిందో ఆ పద్దే చెబుతుంది.

రాళ్లను చదివి రాసిపెట్టినవాళ్లు

కాగితాల తర్వాతి మెట్టు రాళ్ల జాబితాలు. అలెగ్జాండర్ రియా 1897లో మద్రాసు ప్రెసిడెన్సీలోని డచ్చివారి కట్టడాలు, సమాధుల మీద ఒక గ్రంథం వెలువరించారు. బందరు, భీమునిపట్నం, పులికాట్ సమాధి రాళ్ల మీద చెక్కిన వంశచిహ్నాలు, పూలతీగలు, డచ్చి అక్షరాలు అందులో చిత్రాలతో సహా ఉన్నాయి. బందరు డచ్చి శ్మశానం ఇప్పుడు కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉంది. 1825లో డచ్చివాళ్లు తమ స్థావరాలను ఇంగ్లీషువాళ్లకు వదిలి వెళ్లిపోయారు. వాళ్ల దస్త్రాల్లో కొంత భాగం చెన్నై ఎగ్మూరులోని తమిళనాడు ప్రభుత్వ పురాభిలేఖాగారంలో ఉంది.

1905లో జూలియన్ జేమ్స్ కాటన్ అనే ఐసీఎస్ అధికారి మద్రాసు ప్రెసిడెన్సీ సమాధి శాసనాల జాబితాను అచ్చువేయించారు. జిల్లా జిల్లా తిరిగి రాళ్ల మీది మాటలను ఎత్తిరాసి, పోయినవారి గురించి దొరికిన వివరాలు కింద చేర్చిన పుస్తకమిది. నిజాం రాజ్యానికి అలాంటి జాబితాను క్రాఫ్టన్ 1941లో తెచ్చారు. అంతకుముందే 1927లో సయ్యద్ అలీ అస్గర్ బిల్‌గ్రామీ హైదరాబాదు చుట్టుపక్కల కట్టడాలు, గోరీల మీద ఉన్న పారశీక, అరబ్బీ శాసనాలను ఒక గ్రంథంలో పొందుపరిచారు. ఈ పుస్తకాలు తయారయ్యాక అరిగిపోయిన రాళ్లకూ, మాయమైన రాళ్లకూ ఇప్పుడు ఇవే సాక్ష్యం.

హైదరాబాదు ఒక్క నగరంలోనే ఎన్ని రకాల శ్మశానాలున్నాయో చూస్తే ఈ జాబితాల అవసరం తెలుస్తుంది. ఉప్పుగూడలో పదిహేడో శతాబ్దపు అర్మేనియన్ల సమాధులున్నాయి. కుతుబ్‌షాహీ పేష్వా మీర్ మోమిన్ ఏర్పరచిన దాయిరా ఇప్పటికీ వాడుకలో ఉన్న ఖబరస్తాన్, సాలార్‌జంగుల కుటుంబం నిద్రించేది అక్కడే. కోఠిలో పాత రెసిడెన్సీ ఆవరణలో ఇంగ్లీషువాళ్ల చిన్న శ్మశానం ఉంది. సరూర్‌నగర్ దగ్గర గుట్టమీద 1798లో పోయిన ఫ్రెంచి సేనాని రేమండ్ నల్లరాతి స్తంభం నిలిచి ఉంది. అర్మేనియన్, ఉర్దూ, పారశీకం, ఇంగ్లీషు, ఫ్రెంచి: ఒకే ఊళ్లో పూర్వీకుణ్ణి వెతకడానికి ఎన్ని లిపులవారి సాయం కావాలో దీన్నిబట్టి ఊహించుకోవచ్చు.

రాయి ఉన్నచోటే మనిషి ఉన్నాడనీ అనుకోకూడదు. మద్రాసు సెయింట్ మేరీస్ చర్చి చుట్టూ నడిచేవాళ్లు వందల సమాధి పలకల మీద అడుగులు వేస్తారు. ఆ పలకల కింద ఎవరూ లేరు. ఇంగ్లీషువాళ్ల పాత శ్మశానం పాత లా కాలేజీ, హైకోర్టు ప్రాంతంలో ఉండేది. 1758-59లో ఫ్రెంచివాళ్లు కోటను ముట్టడించినప్పుడు ఆ ఎత్తైన సమాధుల చాటునుంచి కాల్పులు జరిపారు. ముట్టడి ముగిశాక ఇంగ్లీషువాళ్లు సమాధులను పడగొట్టి, పేర్లు చెక్కిన పలకలను కోటలోకి తెచ్చి చర్చి చుట్టూ పరిచారు. తర్వాత మైసూరు యుద్ధకాలంలో వాటిలో కొన్నిటిని ఫిరంగులు నిలబెట్టడానికి వాడారు. మనుషులు ఒకచోట, వాళ్ల పేర్లు మరొకచోట మిగిలాయి.

రాయి చుట్టూ అల్లుకున్న కథను కూడా కాగితంతో పోల్చి చూడాల్సిందే. బందరు సెయింట్ మేరీస్ చర్చి గురించి ఊళ్లో చెప్పుకునే కథలో మేజర్ జనరల్ జాన్ పేటర్, ఆయన ప్రేమించిన అరబెల్లా రాబిన్సన్ అనే అమ్మాయి ఉంటారు. ఆమె పోయినప్పుడు ప్రతిష్ఠిత భూమిలో చోటివ్వలేదనీ, ఆమె సమాధి ఉన్నచోట ఆయన చర్చినే కట్టించాడనీ అంటారు. కథ ఎంత కదిలించేదైనా పరిశోధకుడికి కావలసినవి రాతి మీది పేరు, తేదీ, ఆ సంవత్సరపు పట్టీ.

ఊరి కాగితాలు

చర్చి గోడలు దాటితే వెతుకులాట పద్ధతి మారిపోతుంది. తెలుగు ఊళ్లలో దహనమే అందరి ఆచారం కాదు. లింగధారులు, జంగాలు పోయినవారిని కూర్చున్న భంగిమలో సమాధి చేస్తారు. సన్యాసులకూ పసిపిల్లలకూ భూస్థాపనే. దళిత కులాల్లో, అనేక వృత్తి కులాల్లో పాతిపెట్టడం తరాలుగా వస్తున్న పద్ధతి. తెలంగాణలో బొందలగడ్డ, కోస్తాలో శ్మశానం, రుద్రభూమి, చాలాచోట్ల వల్లకాడు, క్రైస్తవులకు సమాధుల తోట, ముస్లిములకు ఖబరస్తాన్: ఒకే ఊరికి ఇవన్నీ వేర్వేరు సర్వే నంబర్లలో ఉండవచ్చు. కులానికొక దిక్కున కూడా ఉండవచ్చు.

ఆ నంబరు పట్టుకునే చోటు రెవెన్యూ దస్త్రం. ఆంధ్ర ప్రాంతంలో రీసర్వే సెటిల్‌మెంటు రిజిస్టరులో ప్రతి సర్వే నంబరుకూ ఎదురుగా అది పట్టా భూమో, ప్రభుత్వ పోరంబోకో రాసి ఉంటుంది. శ్మశానమైతే ఆ మాట ఎదురుగానే కనిపిస్తుంది. ఎఫ్.ఎం.బి. (క్షేత్ర కొలతల పుస్తకం) పటంలో దాని హద్దులు, కొలతలు ఉంటాయి. తెలంగాణలో ఇదే పనికి సేత్వార్, టీపన్, 1954-55 ఖాస్రా పహాణీ అనే భూమి రికార్డులు పనికొస్తాయి. ఊరి పాత పటం మీద కొత్త పటం పెట్టి చూస్తే చెరువుగట్టు పక్కన రెండెకరాల బొందలగడ్డ ఎప్పుడు ఎకరమైందో, ఎప్పుడు రోడ్డు కిందికి పోయిందో తెలుస్తుంది. ముస్లిం ఖబరస్తాన్లకు వక్ఫ్ సర్వే తర్వాత ప్రకటించిన గెజిట్లు అదనపు ఆధారం. గ్రామం పేరు, సర్వే నంబరు, విస్తీర్ణం వాటిలో ఉంటాయి.

మరణాల పుస్తకం ఇంకో దారి. మద్రాసు ప్రెసిడెన్సీలో జనన మరణాల నమోదుకు 1899లో ప్రత్యేక చట్టం వచ్చింది. ఊళ్లో ఆ పుస్తకం గ్రామ మునసబు దగ్గర ఉండేది. స్వాతంత్ర్యం వచ్చాక 1969 నాటి కేంద్ర చట్టం దేశమంతటికీ ఒకే పద్ధతి తెచ్చింది. ఆ చట్టం ప్రకారం రుసుము కట్టి ఎవరైనా పాత నమోదును వెతికించుకుని నకలు తీసుకోవచ్చు. నకలులో మరణ కారణం మాత్రం ఇవ్వరు. పట్టణాల్లో 1920 నాటి మద్రాసు జిల్లా మునిసిపాలిటీల చట్టం శ్మశానాలను రిజిస్టరు చేయించాలని చెప్పింది. ఆ నిబంధన అమలైన చోట పాత మునిసిపల్ రికార్డుల్లో శ్మశానం పేరు దొరుకుతుంది.

1984లో ఆంధ్రలో కరణం, మునసబు ఉద్యోగాలు, తెలంగాణలో పటేల్, పట్వారీ వ్యవస్థ రద్దయ్యాయి. తరతరాలుగా ఒకే ఇంట్లో ఉన్న కవిలెలు, పుస్తకాలు అప్పుడు తాలూకా ఆఫీసులకు చేరాలి. కొన్ని చేరాయి. కొన్ని ఆ ఇళ్ల అటకల మీదే ఉండిపోయాయి. అందుకే పాత కరణంగారి మనవణ్ణో, పోలీస్ పటేల్ కుటుంబాన్నో పలకరించడం కూడా పరిశోధనలో భాగమే. కాటికాపరి కుటుంబంలో పెద్దాయనకు ఏ గుంత ఎవరిదో నోటికి గుర్తుండే ఊళ్లు ఇప్పటికీ ఉన్నాయి. ఆ జ్ఞాపకాన్ని ఎవరో ఒకరు కూర్చోబెట్టి రాసుకుంటే తప్ప అది ఆయనతోనే పోతుంది.

సమాధి లేనివారి జాడ

దహనం చేసినవారికి రాయి ఉండదు. అస్థికలు గోదావరిలోనో కృష్ణలోనో గంగలోనో కలుస్తాయి. అయినా వాళ్ల జాడ పూర్తిగా చెరిగిపోదు. కాశీ, గయ, హరిద్వార్ వెళ్లి పిండప్రదానం చేసిన కుటుంబాల వివరాలను అక్కడి పండాలు తమ బహీలలో రాసుకుంటారు. ఊరు, గోత్రం, వచ్చినవారి పేరు, ఎవరి కోసం వచ్చారు, వెనకటి తరాల పేర్లు అందులో ఉంటాయి. ఏ ప్రాంతంవాళ్లను ఏ పండా చూస్తాడో అక్కడ అడిగితే చెబుతారు. హరిద్వార్ బహీలలో కొన్నిటిని అమెరికాలోని యూటా వంశచరిత్ర సంఘం 1970ల చివరి నుంచి మైక్రోఫిల్ముగా తీసింది. ఇంటి దగ్గరైతే కుటుంబాల గోత్రాలు, వంశక్రమాలు చెప్పుకుంటూ తిరిగే పిచ్చుకుంట్లవాళ్లు, భట్రాజులు కాగితం లేని రికార్డు.

సైనికుల విషయంలో మరో దారి ఉంది. 1917లో ఏర్పడిన కామన్‌వెల్త్ యుద్ధ సమాధుల కమిషన్ రెండు ప్రపంచ యుద్ధాల్లో పోయిన కామన్‌వెల్త్ సైనికుల పేర్లను మతంతో, హోదాతో సంబంధం లేకుండా నమోదు చేస్తుంది. కోహిమా యుద్ధ శ్మశానంలో 1,400కు పైగా సమాధులుంటే, దహనం చేసిన 917 మంది హిందూ, సిక్కు సైనికుల పేర్లు అక్కడే ఒక స్మారకం మీద చెక్కారు. రంగూన్ దగ్గర తౌక్యాన్‌లో సమాధి తెలియని 27 వేల మంది పేర్లున్నాయి. మద్రాసు రెజిమెంటులో చేరి బర్మా వెళ్లి తిరిగిరాని తాతగారి పేరు కోసం తెలుగు కుటుంబాలు ముందుగా వెతకాల్సింది ఈ కమిషన్ రికార్డులో. పేరు, దండు నంబరు తెలిస్తే స్మారకంలో ఏ ఫలకమో కూడా తెలుస్తుంది.

కడలి దాటినవారు

1860 నవంబరు 16న ట్రూరో అనే ఓడ మద్రాసు నుంచి 342 మందితో దక్షిణాఫ్రికాలోని డర్బన్ రేవు చేరింది. అప్పటి నుంచి 1911 వరకు 1,52,184 మంది ఒప్పంద కూలీలుగా నాటల్ వెళ్లారు. వాళ్లలో విశాఖపట్నం, గంజాం, గోదావరి, ఉత్తర ఆర్కాటు జిల్లాల నుంచి వెళ్లిన తెలుగువాళ్లు వేలల్లో ఉన్నారు.

ఆ ఓడల జాబితాలో ఒక వరస చూడండి. ముందు ఒక నంబరు, తర్వాత పేరు, తండ్రి పేరు, వయసు, కులం, ఎత్తు, ఒంటి మీద మచ్చ, జిల్లా, తాలూకా, ఊరు. ఆ మనిషి నాటల్‌లో పెళ్లి చేసుకున్నా, తోట మారినా, చనిపోయినా అధికారుల పుస్తకంలో ఆ నంబరే వెంట నడుస్తుంది. పేరు ఒక్కోచోట ఒక్కోరకంగా రాసినా నంబరు మారదు. అక్కడి మరణ రికార్డులో తోట పేరు ఉంటే ఏ తోట శ్మశానంలో వెతకాలో తెలుస్తుంది. ఆ జాబితాలు క్వాజులు-నాటల్ విశ్వవిద్యాలయం చొరవతో కంప్యూటర్లకెక్కాయి.

మారిషస్‌కు 1834 నుంచి 1920 వరకు దాదాపు అయిదు లక్షల మంది వెళ్లారు. అక్కడి మోకాలోని మహాత్మా గాంధీ సంస్థలో వలస రికార్డులున్నాయి. పందొమ్మిదో శతాబ్దపు రెండో సగంలో వెళ్లినవారి ఫొటోలు కూడా కొన్ని ఉన్నాయి. ఫిజీకి 1879-1916 మధ్య 60 వేలకు పైగా కూలీలు వెళ్లారు, దక్షిణాది నుంచి ఆ ప్రయాణాలు 1903లో మొదలయ్యాయి. వాళ్లకిచ్చిన వలస పత్రాల్లో సొంత ఊరి పేరు ఉంటుంది. కోరంగి రేవు నుంచి ఓడలెక్కిన తెలుగువాళ్లను బర్మాలోనూ మారిషస్‌లోనూ కోరంగీలని పిలిచేవారు. ఆ మాట రికార్డులో కులం పేరులా కనిపిస్తే తికమకపడకూడదు. బర్మా నుంచి 1942లో కాలినడకన తిరిగి వస్తూ అడవిదారుల్లో పడిపోయినవారికి మాత్రం సమాధీ లేదు, వరసగా రాసిన పట్టీ కూడా లేదు.

తెలుగువాళ్ల కోసం పనిచేసి వేరేచోట పోయినవారి విషయంలో ఇదే వెతుకులాట ఎదురు దిశలోనూ జరుగుతుంది. తెలుగు నిఘంటువు కూర్చిన చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ 1884 డిసెంబరు 12న లండనులో పోయారు. సమాధి కెన్సల్ గ్రీన్ శ్మశానంలో ఉంది. 1833లో తెరిచిన ఆ శ్మశానంలో సుమారు రెండున్నర లక్షల మందిని పాతిపెట్టారు. అంత పెద్ద చోట చెట్ల మధ్య ఒక్క సమాధిని కనుక్కోవాలంటే చేతిలో పటం, గడి నంబరు, రిజిస్టరు ఉండాల్సిందే. గోదావరి ఆనకట్ట కట్టిన సర్ ఆర్థర్ కాటన్ 1899లో పోగా ఇంగ్లండులోని డార్కింగ్ శ్మశానంలో పాతిపెట్టారు. కైఫీయతులనే ఊళ్ల చరిత్రలు సేకరించిన కల్నల్ కోలిన్ మెకంజీ 1821లో పోయి కలకత్తా సౌత్ పార్క్ స్ట్రీట్ శ్మశానంలో ఉన్నారు. ఈ ముగ్గురి సమాధులూ తెలుగు నేల మీద లేవు.

పేర్లు, తేదీలు, జిల్లాలు

పరిశోధకులకు ఎక్కువ కష్టం తెచ్చేవి ఇంగ్లీషు రాతల్లో మారిన ఊళ్ల పేర్లు. బందరు మసూలిపటం అయింది, కాకినాడ కొకనాడా, ఏలూరు ఎల్లోర్, శ్రీకాకుళం చికకోల్, భీమునిపట్నం బిమ్లిపటం. పాత స్పెల్లింగులన్నీ ఒక కాగితం మీద రాసుకుని ఆ వరసలో వెతకాలి. తెలుగువాళ్ల పేర్లకు గుమాస్తా చెవిన పడ్డదే స్పెల్లింగు. ఇంటిపేరు ముందుంటే దాన్నే సొంతపేరు అనుకున్న గుమాస్తాలున్నారు. బాప్తిస్మంతో కొత్త పేరు పెట్టుకున్నవాళ్లకు రెండు పేర్లతోనూ చూడాలి.

జిల్లాల హద్దులు కూడా కదులుతూ వచ్చాయి. 1859లో రాజమండ్రి, మసూలిపటం, గుంటూరు జిల్లాలను తీసేసి గోదావరి, కృష్ణా జిల్లాలు చేశారు. 1904లో గుంటూరు మళ్లీ జిల్లా అయింది. గుత్తి 1882 వరకు బళ్లారి జిల్లాలో ఉండేది, అనంతపురం జిల్లా పుట్టింది ఆ ఏడే. కాబట్టి గుత్తి సమాధుల కాగితాలకు ఏడాదినిబట్టి దత్తమండలాలు, బళ్లారి, అనంతపురం అనే మూడు శీర్షికల కిందా వెతకాలి.

తేదీల సంగతి ఇంకా జాగ్రత్తగా చూసుకోవాలి. 1752కు ముందు ఇంగ్లీషువాళ్లకు కొత్త ఏడాది మార్చి 25న మొదలయ్యేది. జనవరి, ఫిబ్రవరి నెలల రాతల్లో రెండు సంవత్సరాలు గీతతో కలిపి కనిపించేది అందుకే. పదిహేడో శతాబ్దపు బందరులో ఇంగ్లీషు ఫ్యాక్టరీ తేదీ, డచ్చి ఫ్యాక్టరీ తేదీ పది రోజుల తేడాలో నడిచాయి, ఎందుకంటే డచ్చి కంపెనీ అప్పటికే కొత్త పంచాంగానికి మారింది. రెవెన్యూ లెక్కల్లోని ఫసలీ సంవత్సరానికి 590 కలిపితే ఇంచుమించు క్రీస్తుశకం వస్తుంది. హిజ్రీ చాంద్రమానం కాబట్టి పట్టిక చూసి మార్చుకోవాలి.

తెలుగు సంవత్సరాలది అరవై ఏళ్ల చక్రం. సమాధి మీద రక్తాక్షి నామ సంవత్సరం అని మాత్రమే ఉంటే అది 1864-65 కావచ్చు, 1924-25 కావచ్చు. బందరులో అలాంటి రాయి దొరికితే ఒక ప్రశ్న వెంటనే పుడుతుంది. 1864 నవంబరు 1న వచ్చిన ఉప్పెన సుమారు 30 వేల మందిని పొట్టన పెట్టుకున్న ఏడాది కూడా రక్తాక్షే. అక్షరాల తీరు, రాయి రకం, పక్క సమాధుల తేదీలు చూసి గానీ అరవై ఏళ్లలో ఏ కొసో తేల్చలేరు.

నేల మీద చేయవలసిన పని

కాగితాల పని అయ్యాక శ్మశానానికి వెళ్లాలి. అరిగిన అక్షరాలు నడిమధ్యాహ్నం కనిపించవు. పొద్దున్నే గానీ, సాయంత్రం గానీ ఎండ ఏటవాలుగా పడేటప్పుడు చూస్తే గాడిలో నీడ నిలిచి అక్షరం లేస్తుంది. అద్దంతో వెలుతురు పక్కనుంచి పడేలా చేసినా సరిపోతుంది. రాతిని శుభ్రం చేయడానికి మంచినీళ్లు, మెత్తని కుంచె చాలు. సున్నం పూయడం, యాసిడ్ పోయడం, ఇనుప బ్రష్‌తో తోమడం, ఉలితో అక్షరాలను మళ్లీ చెక్కించడం రాతిని చంపేస్తాయి.

రాయిని ఫొటో తీసేటప్పుడు ఒకటి దగ్గరగా, ఒకటి చుట్టుపక్కల సమాధులతో కలిపి తీయాలి. పక్క సమాధి ఎవరిదో తెలిస్తే పేరు పోయిన సమాధి ఎవరిదో తేలిన సందర్భాలు ఎన్నో. ఫొటోతోపాటు ఊరు, సర్వే నంబరు, గేటు నుంచి ఎన్నో వరస, ఆ వరసలో ఎన్నో సమాధి అన్నది రాసుకోవాలి. 1976లో లండనులో మొదలైన దక్షిణాసియా శ్మశానాల సంఘం ఇలాంటి నమోదులను పోగుచేసి బ్రిటిష్ లైబ్రరీకి అప్పగిస్తూ వచ్చింది. అయితే ఆ సంఘం దృష్టి యూరోపియన్ సమాధుల మీద. లింగధారుల తోటలు, దళితవాడల బొందలగడ్డలు, పల్లె చర్చిల సమాధుల తోటలు, చిన్న దర్గాల పక్కన ఉన్న ఖబరస్తాన్లు ఇంకా ఎవరి పుస్తకంలోకీ పూర్తిగా ఎక్కలేదు.

ఆ పని ఊరివాళ్లే చేసుకోవాలి. పల్లె చర్చి బీరువాలోని మృతుల పుస్తకాన్ని పేజీ పేజీ ఫొటో తీయించడం, పాత మునసబుగారింట్లోని రిజిస్టర్లను జిల్లా కేంద్రానికో, హైదరాబాదు తార్నాకలోని రాష్ట్ర పురాభిలేఖాగారానికో చేర్చడం, ఊరి శ్మశానాల సర్వే నంబర్లను పంచాయతీ ఆఫీసు గోడ మీద రాయించడం పెద్ద ఖర్చుతో కూడినవి కావు. ఇంట్లో ఎనభై దాటిన పెద్దవాళ్లు ఉంటే ఈ వారమే వాళ్లను వెంటబెట్టుకుని శ్మశానానికి వెళ్లండి. ఏ చెట్టు కింద ఎవరున్నారో వాళ్లు చెబుతుంటే రాసుకోండి.